ఓవెన్ సెన్సర్ పోయిందంటే నమ్మేయడమేనా? ఇంట్లో మీటర్ పెట్టి చూసుకోవచ్చా?

సింగ్‌నగర్ వంటిల్లు:
మాది విజయవాడ సింగ్‌నగర్. ప్లాట్‌ఫామ్ కింద బిగించిన కరెంటు ఓవెన్, డిజిటల్ డిస్‌ప్లేది. కొంతకాలంగా 180 డిగ్రీలు పెట్టినా కేకు పైన తెల్లగానే ఉండిపోతోంది, నడుమ పచ్చి. టూత్‌పిక్ గుచ్చితే పిండి అంటుకునే వస్తోంది. ఓవెన్ థర్మామీటర్ కొని మధ్య అరలో పెట్టి అరగంట ఆగితే 150 చుట్టూనే ఆడుతోంది. మెకానిక్ వచ్చి మల్టీమీటర్ ముళ్లు రెండూ లోపలి వేడిని కొలిచే సెన్సర్ వైర్లకి ఆనించి, "బీప్ రావట్లేదు మేడమ్, సెన్సర్ అవుట్. ఓవెన్‌ని నడిపే కంట్రోల్ బోర్డు కూడా మార్చాల్సి రావచ్చు" అన్నాడు. బోర్డు ధర విని మావారు "మీటర్ మనింట్లోనూ ఉందిగా, మనమే చూద్దాం" అంటున్నారు. మా అత్తగారేమో కరెంటుతో ఆటలొద్దంటున్నారు. మీరేమంటారు?

ఆటోనగర్ వైండింగ్:
అమ్మా, బీప్ రానంత మాత్రాన సెన్సర్ పోయినట్టు కాదు. బీప్ మోడ్ ఉన్నది తెగిన వైరు పట్టుకోవడానికి. కరెంటుకి తగిలే అడ్డు (దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు) కొన్ని పదుల ఓమ్‌లు దాటితే మీటర్ కూయదు. డిజిటల్ ఓవెన్లలో ఎక్కువగా వచ్చే సెన్సర్ పీటీ1000. లోపల ప్లాటినం ఉంటుంది, సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓమ్‌లు, వేడి పెరిగేకొద్దీ పెరుగుతుంది. అంటే కొత్త సెన్సర్ పెట్టినా ఆ మెకానిక్‌కి బీప్ రాదు! మీటర్‌ని 2000 ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి అంకె చదవాలి. వంటింట్లో 30 డిగ్రీలుంటే 1117 దగ్గర రావాలి. మన మే నెల మధ్యాహ్నం 38 ఉంటే 1148. కొన్ని మోడళ్లలో పీటీ500 ఉంటుంది, దానికి ఇందులో సగం. ఓవెన్ పూర్తిగా చల్లారాక, సెన్సర్ వైరు బోర్డు నుంచి ఊడదీసి కొలవాలి. తగిలించి ఉంచితే బోర్డు లోపలి సామాను కూడా లెక్కలో కలుస్తుంది.

బ్రాడీపేట అరుగు:
గుంటూరు నుంచి. మాస్టారూ, మీకు మీటర్ పట్టడం చేతనైన విద్య కాబట్టి అలవోకగా చెప్పేస్తున్నారు. ప్లాట్‌ఫామ్ కింద నుంచి ఆ ఇనప్పెట్టెని బయటికి లాగడం ఇంటావిడ పనా? వెనక రేకు అంచులకి చేతులు కోసుకుంటాయి. సెన్సర్ పక్కనే హీటర్ టెర్మినల్స్, వాటికి 230 వోల్టులు. వారంటీ ఏమన్నా మిగిలి ఉంటే అదీ పోతుంది. మెకానిక్ సరిగ్గా చూడకపోతే ఇంకో మెకానిక్‌ని పిలవాలి గానీ మనమే మెకానిక్ అయిపోవడమేంటి?

లక్ష్మీపురం కేకులు:
నేనూ గుంటూరే, ఇంట్లో కేకులు చేసి అమ్ముతాను. అక్కా, నా అనుమానం సెన్సర్ మీద కాదు, వోల్టేజీ మీద. సాయంత్రం అందరూ ఏసీలు వేశాక మా లైన్లో స్టెబిలైజర్ మీద 190 చూపిస్తుంది. ఆ టైములో ఏ ఓవెన్ మాత్రం సరిగా కాలుతుంది? ముందు పొద్దున పూట చేసి చూడండి. లేదంటే 210 పెట్టుకుని కానిచ్చేయండి, నేనైతే అదే చేస్తా.

ఆటోనగర్ వైండింగ్:
వోల్టేజీ మాట సగమే నిజం. 230 దగ్గర 2000 వాట్లు లాగే హీటర్ ఎలిమెంట్ 190 దగ్గర 1365 వాట్లే ఇస్తుంది. వేడెక్కడం ఆలస్యమవుతుంది, ఒప్పుకుంటా. కానీ అప్పుడు 180 చేరేదాకా హీటర్ ఆగకూడదు, మండుతూనే ఉండాలి. అరగంట తర్వాత లోపల 150 ఉండగానే రిలే (హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) టిక్‌మని కట్ అవుతోందంటే, బోర్డుకి 180 వచ్చేసిందని తప్పుడు కబురు అందుతోందన్నమాట. సింగ్‌నగర్ అమ్మగారూ, చెవి పెట్టి వినండి. టిక్కుమని ఆగుతోందా, లేక ఆగకుండా మండుతోందా? దీనికి స్క్రూ కూడా విప్పక్కర్లేదు.

ఇక 210 పెట్టుకోవడం. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే ఫరవాలేదు. కొన్ని ఓవెన్లకి సెట్టింగ్స్‌లోనే కొన్ని డిగ్రీలు సవరించుకునే వీలు కూడా ఉంది. కానీ తేడా రోజుకోలా మారుతుంటే ఇవాళ పచ్చి, రేపు మాడు. అమ్మకానికి చేసేవాళ్లు అలా నెట్టుకురాగలరా?

భవానీపురం ఓటీజీ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది గుండ్రం నాబ్ తిప్పే చిన్న ఓటీజీ ఓవెన్. అదీ ఇలాగే తక్కువ కాలుతోంది. దాని సెన్సర్ కూడా మీటర్‌తో చూడొచ్చా?

ఆటోనగర్ వైండింగ్:
నాబ్ తిప్పేవాటిలో ఈ సెన్సర్ ఉండదండీ. ఉండేది థర్మోస్టాట్, వేడికి వంగే రేకో, సన్నటి రాగి గొట్టంలో వ్యాకోచించే ద్రవమో. ఓమ్‌ల లెక్క దానికి పనికిరాదు, ఓవెన్ థర్మామీటర్‌తో పోల్చుకోవడమే. ఇది చదివి కన్వెక్షన్ మైక్రోవేవ్ ఎవరూ విప్పకండి. అందులో కెపాసిటర్ ప్లగ్గు పీకేశాక కూడా వేల వోల్టుల ఛార్జి పట్టుకుని ఉండొచ్చు. అక్కడ మాత్రం బ్రాడీపేట గారి మాటే నా మాట.

బ్రాడీపేట అరుగు:
ఒక్క చోటైనా ఒప్పుకున్నారు, సంతోషం. ఇంకో ప్రశ్న. చల్లగా ఉన్నప్పుడు 1117 వచ్చిందనుకోండి. వేడెక్కాక లోపల తెగి మళ్లీ చల్లారితే అతుక్కునే సెన్సర్లు ఉండవా? ఇంట్లో ఒక్క అంకె చూసి "బాగుంది" అనేస్తే ఈ మెకానిక్ బీప్‌కీ మీ మీటర్‌కీ తేడా ఏముంది?

ఆటోనగర్ వైండింగ్:
మంచి ప్రశ్న. అందుకే రెండో అంకె కావాలి. సెన్సర్ రెండు స్క్రూలతో ఓవెన్ వెనక గోడకి ఉంటుంది. విప్పి, కొస మాత్రం మరుగుతున్న నీళ్లలో ముంచాలి, వైరు చేరే చోటు తడవకూడదు. విజయవాడ, గుంటూరు పెద్ద ఎత్తులో ఉన్న ఊళ్లు కావు కాబట్టి నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి. 1385 దగ్గర నిలకడగా రావాలి. ఎగిరెగిరి పడితే లోపల తేడా ఉన్నట్టే. 100 పైన మాత్రమే తెగేదైతే ఇందులో దొరకదు, అది నిజమే. కానీ తెగితే బోర్డు ఎర్రర్ చూపించి ఆపేస్తుంది గానీ మామూలుగా పనిచేస్తూ 150 దగ్గర కట్ చేయదు.

సింగ్‌నగర్ వంటిల్లు:
విన్నాం, టిక్కుమని ఆగుతోంది. ఆదివారం మావారూ మా మరిదీ కలిసి ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించి ఓవెన్‌ని బయటికి లాగారు (అత్తగారు పక్కనే నిలబడి తిడుతూనే ఉన్నారు). వంటింట్లో 31 డిగ్రీలు. సెన్సర్‌కి ఆనుకుని, వైరు మొదలయ్యే చోటే కొలిస్తే 1121. మరుగు నీళ్లలో 1384, కదల్లేదు. బోర్డు వైపు ప్లగ్గు ఊడదీసి అక్కడి నుంచి వైరుతో కలిపి కొలిస్తే మాత్రం 1230. వైరు కదిపితే 1260 దాకా పోతోంది. నడుమ ఒక కనెక్టర్ ఉంది, దాని పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా వంటింట్లోకి వచ్చాయి, ఓవెన్ అడుగు భాగం తడిసింది. ఎండబెట్టి వాడుతూనే ఉన్నాం.

ఆటోనగర్ వైండింగ్:
దొరికింది. చిలుము వల్ల, వైరు కదపనప్పుడే, దాదాపు 110 ఓమ్‌లు అదనంగా చేరుతున్నాయి, బోర్డేమో దాన్ని ఎక్కువ వేడి అనుకుంటోంది. 180 దగ్గర డిగ్రీకి 3.7 ఓమ్‌ల లెక్కన అది 30 డిగ్రీలు. మీ థర్మామీటర్ చూపించిన తేడా సరిగ్గా అదే. సెన్సర్ బాగుంది, బోర్డు జోలికి పోనే వద్దు. ఆ కనెక్టర్ కోసేసి వేడికి తట్టుకునేది క్రింప్ చేయించండి (నొక్కి బిగించడం). మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టారో, కరిగి కారుతుంది.

లక్ష్మీపురం కేకులు:
అయితే నా 210 సలహా ఇక్కడ పనికిరాదన్నమాట. వైరు కదిలితే అంకె మారుతోందిగా. మా ఓవెన్‌కీ ఆ టిక్కు వింటా.

బ్రాడీపేట అరుగు:
లెక్క కుదిరింది, కాదనను. కానీ అందరూ సెన్సర్ వెంట పడి అసలుది వదిలేశారు. నీళ్లు తగిలింది కనెక్టర్‌కి మాత్రమేనా? హీటర్ గొట్టంలో తీగ చుట్టూ ఉండేది మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, అది చెమ్మ పీల్చుకుంటుంది. ఇన్సులేషన్ తగ్గితే ఓవెన్ బాడీకి కరెంటు లీకవుతుంది. దాన్ని మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం) చూడాలి, మీ మూడొందల మీటర్‌కి అందదు. అమ్మా, మీ ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఉందా?

సింగ్‌నగర్ వంటిల్లు:
ఇంటి మెయిన్ బోర్డులో ఎంసీబీలే ఉన్నాయండీ.

ఆటోనగర్ వైండింగ్:
అయితే బ్రాడీపేట గారు చెప్పిందే ముందు. ఎంసీబీ లీకేజీకి పడదు. 30 మిల్లీ యాంప్‌ల ఆర్‌సీసీబీ పెట్టించి, ఎర్త్ చూపించి, ఎలిమెంట్‌కి మెగ్గర్ పెట్టించండి. అప్పటిదాకా ఓవెన్ ఆన్ చేయకండి. కనెక్టర్ పని అదే ఎలక్ట్రీషియన్ చేత చేయించేయండి, 1121 అంకె కాగితం మీద రాసి చేతికివ్వండి. బిగించాక బోర్డు వైపు నుంచీ అదే రావాలి.