కింగ్ హు చిత్రాల్లో ఆ గెంతు కంటికి ఎందుకు చిక్కదు?

వెదురుతోపు:
చైనీస్ కత్తియుద్ధ చిత్రాల దర్శకుడు కింగ్ హు తీసిన ‘ఎ టచ్ ఆఫ్ జెన్’లోని వెదురుతోపు పోరాటాన్ని మళ్లీ చూశాను. నాయిక పైకెగిరి, అక్కడి నుంచి తలకిందులుగా శత్రువు మీదికి దూకే క్షణం ఎన్నిసార్లు చూసినా పూర్తిగా కంటికి చిక్కడం లేదు. 1975లో కాన్ ఉత్సవంలో ఈ చిత్రానికి సాంకేతిక ప్రతిభకు బహుమతి లభించింది. ఆ దృశ్యాన్ని ఎవరైనా ఆపి ఆపి పరిశీలించారా?

కత్తెర:
నాది ఎడిటింగ్ పని కనుక ఒక్కొక్క ఫ్రేమే జరిపి చూశానండి. కాళ్లు నేలను విడవడం ఒక షాటు, గాలిలో దుస్తుల రెపరెప మరొకటి, వాలడం ఇంకొకటి. వీటిలో కొన్ని రెప్పపాటు కూడా నిలవవు. తెర వెలుపల దాచిన ట్రాంపొలిన్ (ఎగరడానికి బిగించి కట్టే స్ప్రింగుల పట్టా) మీది నుంచి మనిషి ఎంత ఎత్తు ఎగరగలడో దానికొక హద్దు ఉంటుంది. ఆ హద్దు బయటపడకముందే కింగ్ హు షాటును తెంచేస్తారు. పోరాటాలు సమకూర్చిన హాన్ యింగ్‌జియే పాట, నటన, విన్యాసాలు కలిసిన చైనా రంగస్థల కళ పెకింగ్ ఒపేరాలో తర్ఫీదు పొందినవారు. కింగ్ హుదే ‘కమ్ డ్రింక్ విత్ మి’ (1966)లోని సత్రం సన్నివేశం చూడండి: చాలాసేపు ఎవరూ చేయి ఎత్తరు, చూపులే తిరుగుతుంటాయి, ఆ బిగువు తెగిన తరువాతే కత్తి లేస్తుంది. ఆ రంగస్థలంలో వాద్యపు దెబ్బకు నటుడు చటుక్కున నిలిచిపోయే పద్ధతి ఇక్కడ కూర్పుగా మారిందని నా అభిప్రాయం.

పిడికిలి:
కూర్పు గొప్పదే గాని, దేహవిద్యను తెంచకుండా చూపడం అంతకన్నా కష్టమని నేను నమ్ముతాను. దర్శకుడు లావ్ కార్-లియుంగ్ తండ్రి, పేరుమోసిన కుంగ్‌ఫూ గురువు వాంగ్ ఫే-హుంగ్ శిష్యుడైన లామ్ సాయ్-వింగ్ వద్ద హుంగ్ గార్ అనే కుంగ్‌ఫూ పద్ధతిని అభ్యసించారు. ఆ విద్య కొడుకుకు ఇంటి విద్యే. ఆ కొడుకు తీసిన ‘36త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్’ (1978)లో చేతులు చాచి నీళ్ల బకెట్లు మోసే నాయకుడి జబ్బలకు కత్తులు కట్టి ఉంటాయి, చేయి వాలితే డొక్కలో దిగుతాయి. కరాటే తరగతికి వెళ్లే రోజుల్లో ఆ ఘట్టం చూశాక భుజాల నొప్పి గురించి నేను మాట్లాడలేదు.

పాత క్యాసెట్టు:
ఇద్దరి మాటా నిజమే. 2000లో ఆంగ్ లీ తీసిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’లో నటులు తీగలకు వేలాడి వెదురు కొమ్మలపై ఊగుతారు, తరువాత ఆ తీగలను కంప్యూటరుతో చెరిపివేశారు; కింగ్ హు రెప్పపాటులో దాచినదాన్ని ఆయన తీరిగ్గా చూపారు. అంతకుముందు ఏడాది ‘ది మేట్రిక్స్’కు పనిచేసిన యువెన్ వూ-పింగే దీనికీ పోరాటాలు కూర్చారు. ‘కమ్ డ్రింక్ విత్ మి’ నాయిక చెంగ్ పెయి-పెయి ఇందులో ప్రతినాయిక.

వెదురుతోపు గారూ, ఒక మనవి: పునరుద్ధరించిన ప్రతినే చూడండి. నేను మొదట చూసిన ‘కమ్ డ్రింక్ విత్ మి’ క్యాసెట్టులో వెడల్పాటి చిత్రాన్ని టీవీకి సరిపడేలా రెండు పక్కలా కోసేశారు. పూర్తి తెర మీద చూసిన రోజున సత్రం అంచుల్లో కాచుకుని కూర్చున్న మనుషులు మొదటిసారి కనిపించారు.