స్ప్లెండర్‌కి సైడ్‌కారు బిగించినవారు ఉన్నారా?

ఆమదాలవలస_కుర్రాడు:
నాది 97.2 సీసీ స్ప్లెండర్. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వెనక సీటు ఎక్కలేకపోతోంది. ఆదివారాలు అరసవల్లి తీసుకెళ్లాలి. బండికి ఎడమ పక్కన ఒంటి చక్రంతో, మనిషి కూర్చునే తొట్టె ఉంటుందే, ఆ సైడ్‌కారు బిగించవచ్చా? ఖర్చెంత? ఆర్టీవో వాళ్లు ఒప్పుకుంటారా?

ఏపీ30_బుల్లెట్:
స్ప్లెండర్ వద్దు తమ్ముడూ. మా నాన్నగారి బుల్లెట్ 350కే సైడ్‌కారు తగిలించాక గేరుబాక్సు స్ప్రాకెట్‌కు (చైను తిప్పే పళ్ల చక్రానికి) ఒక పన్ను తగ్గించాల్సి వచ్చింది. లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరు మోసేది కాదు. నాలుగు చోట్ల బిగించాం, కింద రెండు, పైన రెండు. మూడు చక్రాలూ సమాంతరంగా పెట్టాం. నలభై వేల కిలోమీటర్లు తిరిగింది, ఏ ఇబ్బందీ లేదు.

షెడ్డు_మేస్త్రి:
సమాంతరమా! ఈ మాట నమ్మి కుర్రాళ్లు బిగించుకుంటే రేపు కాలువలో తేలతారు. ముప్పై ఏళ్లుగా రెంచి పట్టినవాణ్ని, చెబుతున్నాను వినండి. బండి చక్రాలకు ఒకటి, సైడ్‌కారు చక్రానికి ఒకటి తిన్నని బద్దలు ఆనించి కొలవాలి. వాటి మధ్య దూరం వెనకకంటే ముందు అర నుంచి ముప్పావు అంగుళం తక్కువ ఉండాలి. బండి రవ్వంత కుడికి, అంటే సైడ్‌కారుకు అవతలికి, వాలి ఉండాలి. అదీ మనిషి కూర్చున్నాక కొలవాలి, ఖాళీగా కాదు.

ఏపీ30_బుల్లెట్:
ముప్పావు అంగుళం పెట్టించిన నా స్నేహితుడి టైరు ఒక్క వేసవికే బోడి అయిపోయింది. కొత్త టైరు మీరు కొనిస్తారా?

షెడ్డు_మేస్త్రి:
టైరు పోతే ఇంకొకటి దొరుకుతుంది. మీ హ్యాండిల్ ఎడమకు లాగడం లేదా? నిజం చెప్పండి.

ఏపీ30_బుల్లెట్:
లాగుతుంది. చేతికి అలవాటైపోయింది.

షెడ్డు_మేస్త్రి:
మీ చేతికి అలవాటైంది. రేపు మీ అబ్బాయి నడిపితే?

కోటజంక్షన్:
కొలతల గొడవ ఆపి నడపడం సంగతి చెప్పండి. కొత్తలో ఖాళీ సైడ్‌కారుతో ఎడమ మలుపు తిప్పాను, దాని చక్రం గాలిలోకి లేచింది. గుండె ఆగినంత పనైంది. తర్వాత నెల రోజులు ఇసుక బస్తా వేసుకునే తిరిగాను. ఈ బండి మలుపులో వాలదు, హ్యాండిల్‌నే బలంగా తిప్పాలి. బ్రేకులు బండికే ఉంటే, నొక్కగానే కుడికి, ఎదురొచ్చే లారీల వైపు ఈడుస్తుంది. సైడ్‌కారు చక్రానికీ బ్రేకు పెట్టించండి. వెల్డింగుకు సాలూరు లారీ షెడ్లకు వెళ్లండి. మన విజయనగరం జిల్లాలో అంతకు మించిన చేతులు లేవు.

రాజాం_రహదారి:
సాలూరు మీ జిల్లా కాదండీ. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం. మా రాజాం శ్రీకాకుళం వదిలి మీ జిల్లాలోకి వచ్చింది. మా ఇంట్లో ఆర్సీ మీద మాత్రం ఇప్పటికీ పాత జిల్లా పేరే.

కోటజంక్షన్:
కాగితం మీద గీత గీస్తే చేతిలో పనితనం మారుతుందా? సాలూరు మాదే.

నరసన్నపేట_75:
జిల్లాల పంచాయితీ తర్వాత. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. నాకు పోలియో వల్ల ఎడమ కాలు పనిచేయదు. స్కూటరుకు పక్క చక్రాలు పెట్టించి, ఆర్సీలో రాయించుకోవడానికి ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలుసు. అది నడిపేవారికి వైకల్యం ఉంటే ఇచ్చే వెసులుబాటు, పక్కన కూర్చునేవారికి కాదు. ఆర్సీలో లేని చక్రంతో ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

ఏపీ30_బుల్లెట్:
మా ఆర్సీలో సైడ్‌కారు ఉంది. నాన్నగారు అప్పట్లోనే ఎక్కించారు.

పొందూరు_కోడలు:
ఇంతమందిలో ఒక్కరైనా అమ్మగారి మోకాళ్ల గురించి ఆలోచించారా? మా మామగారి పాత స్కూటరు సైడ్‌కారులో మా అత్తగారిని నాలుగేళ్లు తిప్పాం. సీటు నేలకు దగ్గరగా ఉంటుంది, లేవాలంటే భారమంతా మోకాళ్ల మీదే. తలుపు లేని రకమైతే అంచు దాటడానికి కాలు ఎత్తాలి. పొగ, దుమ్ము నేరుగా ముఖానికే. చివరికి ఆవిడ ఆటోయే నయమన్నారు.

ఆమదాలవలస_కుర్రాడు:
ఇది నాకు తట్టనే లేదు అక్కా. ఏపీ30 అన్నా, ఆదివారం మీ బండి తెస్తే అమ్మను ఒక్కసారి ఎక్కించి దింపి చూస్తాను.

ఏపీ30_బుల్లెట్:
పొద్దున ఆరింటికి ఏడు రోడ్ల కూడలి దగ్గర ఉంటాను. మాది తలుపు ఉన్నదే.

షెడ్డు_మేస్త్రి:
నేనూ వస్తాను. బద్దలు, టేపు నా దగ్గరే ఉన్నాయి.