షాక్ ట్రీట్‌మెంట్ ఇంకా ఉండాలా, ఎత్తేయాలా?

కృష్ణలంక_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 62. ఐదు నెలలుగా డిప్రెషన్, రెండు రకాల మాత్రలు మార్చి చూశారు, గుణం కనపడలేదు, ఇప్పుడు వారం నుంచి అన్నం ముట్టట్లేదు, సెలైన్ మీద ఉంది, నా పాపం వల్లే ఈ ఇల్లు నాశనమైంది నాకు ముద్ద పెట్టకండి అంటుంది, నువ్వేం పాపం చేశావమ్మా అంటే వినిపించుకోదు. డాక్టర్ గారు ఈసీటీ, అదే షాక్ ట్రీట్‌మెంట్, చేద్దాం అన్నారు. అంతే, మావయ్య లేచి మా అక్కకి కరెంట్ పెడతారా అని ఆసుపత్రిలోనే గొడవ.

అమ్మ సంగతి డాక్టర్ గారితోనే తేల్చుకుంటాం, ఇక్కడ అడిగేది వేరే. 1938 లో పుట్టిన వైద్యం ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకు నడుస్తోంది? నిజంగా పని చేస్తుందనా, వేరే దారి లేకనా? సినిమాల్లో చూసింది కాకుండా తెలిసినవాళ్లు చెప్పండి, వ్యతిరేకించేవాళ్లు కూడా రాయండి.

మత్తుడాక్టర్_రాజమండ్రి:
తమ్ముడూ, నేను మత్తు డాక్టర్ని, ఈసీటీ రూములో చాలా పొద్దులు గడిపాను కాబట్టి చూసింది రాస్తా. రాత్రి నుంచి ఏం పెట్టరు. పొద్దున్నే చేతికి సూది, మత్తు ఎక్కాక కండరాలు వదులయ్యే మందు ఇస్తాం, దాన్ని మేం స్కోలిన్ అంటాం. అది ఇచ్చే ముందు ఒక కాలికి మడమ పైన బీపీ పట్టీ బిగిస్తాం, మందు ఆ పాదానికి చేరకుండా. ఎందుకంటే ఒళ్లంతా కదలకుండా ఉంటుంది కదా, ఫిట్స్ వచ్చిందా లేదా అన్నది ఆ ఒక్క పాదం వణుకు చూసి తెలుసుకోవాలి. నోట్లో పళ్లకి అడ్డు, మొహానికి ఆక్సిజన్. కరెంట్ కొన్ని సెకన్లే, ఫిట్స్ అర నిమిషం నుంచి నిమిషం దాకా, కాసేపటికి కళ్లు తెరుస్తారు. వారానికి రెండో మూడో, మొత్తం 6 నుంచి 12. ప్రాణభయం గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, 2017 లో చాలా దేశాల లెక్కలు కలిపి చూస్తే లక్ష సిట్టింగులకి మరణాలు రెండు.

ఇంకో ముక్క. ఇక్కడ వైద్యం చేసేది కరెంట్ కాదు, ఫిట్స్. 1934 లో బుడాపెస్ట్‌లో మెడూనా అనే ఆయన కరెంట్ లేకుండానే మొదలుపెట్టాడు, కర్పూరం నూనెలో కలిపి సూది ఇచ్చి ఫిట్స్ తెప్పించేవాడు. మూర్ఛ ఉన్నవాళ్లకి స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు రాదు అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పని తర్వాత తేలింది, కానీ మనుషులు మాత్రం లేచి కూర్చున్నారు. నాలుగేళ్లకి రోమ్‌లో చెర్లెట్టి, బీనీ కర్పూరం బదులు కరెంట్ పెట్టారు.

లెక్కల_మాస్టారు:
డాక్టర్ గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను, కానీ "లేచి కూర్చున్నారు" అన్నది రుజువు కాదండి. రక్తం పీల్చేసే రోజుల్లో కూడా లేచి కూర్చున్నారు. రుజువు అంటే సగం మందికి నిజం కరెంట్, సగం మందికి మత్తు మాత్రమే ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో కొలిచేవాడికి తెలియకుండా చూడటం. ఇంగ్లండ్‌లో నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో అలా చేశారు, 1980 లో వచ్చింది, 70 మంది. రెండు గ్రూపులూ బాగానే కోలుకున్నాయి, కరెంట్ గ్రూపు నాలుగు వారాల చివర కొంచెం ముందుంది, ఆరు నెలలకి చూస్తే తేడానే లేదు. 2003 లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అలాంటివి ఆరు ట్రయల్స్ కలిపి ఈసీటీయే మెరుగు అన్నారు, కానీ ఆ ఆరింట్లో మొత్తం మనుషులు 256 మంది. ఒక మామూలు బీపీ మాత్రకి కూడా ఇంతకన్నా ఎక్కువమంది మీద పరీక్ష ఉంటుంది కదండీ. పైగా 1985 తర్వాత ఇలాంటి ట్రయలే చెయ్యలేదు, అనైతికం అంటారు, రుజువు బలంగా ఉందని ముందే అనుకుంటే కదా అనైతికం అయ్యేది!

ఇంకోటి, ఆగాక ఏమవుతుంది? 2001 లో అమెరికాలో సాకైమ్ అనే పరిశోధకుడి బృందం ఈసీటీతో బాగైనవాళ్లనే తీసుకుని చూస్తే, తర్వాత ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో ఆరు నెలల్లో 84 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మాత్ర ఇస్తే 60, దానికి లిథియం అనే ఇంకో మందు కలిపితే 39. ఈ అంకెలు సంతకం పెట్టించుకునే ముందు ఏ కుటుంబానికైనా చెప్తున్నారా?

మెదడులో ఏం జరుగుతుందో కూడా తేలలేదు. ఈసీటీ తర్వాత స్కాన్‌లో హిప్పోక్యాంపస్, అంటే జ్ఞాపకాలకి సంబంధించిన మెదడు భాగం, పెరిగినట్టు కనపడుతుంది నిజమే, కానీ అది ఎంత పెరిగింది, జబ్బు ఎంత తగ్గింది అన్న రెండిటికీ పొంతన కుదరలేదు.

మత్తుడాక్టర్_రాజమండ్రి:
మాస్టారూ, 84 శాతం సంగతి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా, ఈసీటీ అయ్యాక మందులు మానేస్తే అంతే, అది చెప్పకపోవడం తప్పు. కానీ నార్త్‌విక్ పార్క్ కథ సగమే చెప్పారు. 1992 లో దాన్నీ, ఇంగ్లండ్‌లోనే జరిగిన అలాంటి లెస్టర్ ట్రయల్‌నీ కలిపి పేషెంట్లని రకాలుగా విడదీసి మళ్లీ లెక్కేశారు. లేని పాపాలు ఉన్నాయని గట్టిగా నమ్మేవాళ్లు, మాటా కదలికా బాగా మందగించినవాళ్లు, వీళ్లలో నిజం కరెంట్ స్పష్టంగా గెలిచింది. ఆ రెండూ లేనివాళ్లలో లాభం కనపడలేదు. ఇప్పుడు కుర్రాడు రాసిన మొదటి పేరా ఇంకోసారి చదవండి. ముద్ద పెట్టకండి నాది పాపం అంటోంది ఆ తల్లి. ఈసీటీ మంచిదా చెడ్డదా అని అందరికీ కలిపి అడిగితే జవాబు రాదండి, ఎవరికి అన్నది ముందు అడగాలి.

సీతాఫలం_చెట్టు:
నేను చేయించుకున్నదాన్ని. 2014 లో, తొమ్మిది సార్లు. పాప పుట్టాక వచ్చింది నాకు, బావి దగ్గరికి వెళ్లి నిలబడేదాన్ని. ఈసీటీ లేకపోతే ఇవాళ ఇది రాసేదాన్ని కాదు, ముందే చెప్తున్నా ఎవరూ నన్ను వ్యతిరేకుల్లో కలపొద్దు.

కానీ పాప మొదటి పుట్టినరోజు నాకు లేదు. ఫొటోల్లో ఉన్నాను, నీలం చీర, పాపని ఎత్తుకుని నవ్వుతున్నాను, ఆ చీర బీరువాలో ఉంది, ఆ రోజు మాత్రం లేదు. తిరుపతి వెళ్లి పుట్టువెంట్రుకలు తీయించామట. అదీ లేదు. ఆసుపత్రిలో రెండు వారాల్లో అన్నీ వచ్చేస్తాయమ్మా అన్నారు. రాలేదు అని వెళ్లి చెప్తే అది జబ్బు వల్ల పోయిందన్నారు. నాకు కోపం తెప్పించింది జ్ఞాపకం పోవడం కాదు, పోయిందని చెప్తే నమ్మకపోవడం.

లెక్కల_మాస్టారు:
అమ్మా, మీరు రాసింది అక్షరాలా నిజమని చెప్పే పరిశోధన ఉంది. 2003 లో బీఎంజే అనే వైద్య పత్రికలో రోజ్ అనే పరిశోధకురాలి బృందం, అందులో ఈసీటీ చేయించుకున్నవాళ్లు కూడా పరిశోధకులుగా ఉన్నారు, పాత అధ్యయనాలన్నీ తిరగేసి కనీసం మూడో వంతు మంది జ్ఞాపకాలు తిరిగి రాలేదని చెప్పారని రాశారు. అదే 2010 లో 84 అధ్యయనాలు కలిపిన ఇంకో లెక్క, పదిహేను రోజులు దాటాక జ్ఞాపకశక్తి ముందుకన్నా మెరుగే అంది. రెండూ అబద్ధం కాదు. రెండోది కొలిచింది పదాల జాబితా చదివి అప్పజెప్పమనడం, బొమ్మ చూసి గీయమనడం. సొంత బతుకులో ఏ రోజు పోయిందో ఆ పరీక్షలకి అందదు. ఇంట్లో డబ్బు ఎంత లెక్కపెట్టగలవు అని అడిగి, నీ నగ పోలేదు అన్నట్టుంది.

మానేరు_ఒడ్డు:
నమస్తే అందరికి. మాది కరీంనగర్. మా తమ్ముడు 2009ల కట్టె లెక్క అయిపోయిండు, చెయ్యి ఎట్ల లేపి పెడితే అట్లనే ఉంచుతుండె, నీళ్లు గుడ తాగలె. దాన్ని కెటటోనియా అంటరని అప్పుడు తెల్వదు, మా ఊళ్ల గాలి సోకిందన్నరు. ఒక ఆసుపత్రికి తీసుకపోతే మత్తు లేకుండనే పెట్టిన్రు, డైరెక్ట్ అంటరు దాన్ని. నలుగురు పట్టుకున్నరు, అందుల నేనొకన్ని. మూడోసారి అయినంక "అన్నా ఆకలైతుంది" అన్నడు. ఆ మాట నేను సచ్చేదాక మర్వ. కని వాని వెన్నుపూస చిట్లింది. ఇప్పటికి గుడ బరువు ఎత్తలేడు.

డాక్టర్ సారు చెప్పిన స్కోలిన్ 1950లల్లనే వచ్చిందట గద, మరి 2009ల మా తమ్మునికి ఎందుకు దక్కలె? వైద్యం తప్పని నేను అనను. గరీబోనికి సగం వైద్యం చేసుడు తప్పు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షన్ల మత్తు లేకుండ, కండ్రాల మందు లేకుండ చేయొద్దని రాసిన్రు, 2018 మే 29 నుంచి అమల్లకు వచ్చింది, అది సదివి నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

మత్తుడాక్టర్_రాజమండ్రి:
అన్నా, మీరు అడిగిన దానికి నా దగ్గర ఒకటే జవాబు, మత్తు డాక్టర్లు చాలరు. చట్టం రాకముందు కొందరు సైకియాట్రిస్టులే వాదించారు, మత్తు డాక్టర్ లేని ఊళ్లో అసలు వైద్యమే లేకపోవడం కన్నా డైరెక్ట్ నయం కదా అని. నేను ఆ వాదనని ఒప్పుకోను. మత్తు లేదని కడుపు కోసి అపెండిక్స్ తీస్తామా? మత్తు డాక్టర్ని రప్పించాలి, అంతే.

డల్లాస్_శ్రీను:
ఇక్కడ అమెరికాలో అందరూ డిప్రెషన్‌కి కెటమిన్ అనే మత్తుమందు వచ్చాక ఈసీటీ పని అయిపోయిందంటున్నారు. 2023 లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది కదా, 403 మంది, కెటమిన్‌తో 55 శాతం మందికి తగ్గితే ఈసీటీతో 41. జ్ఞాపకాలు కూడా పోవు. మన దగ్గర కెటమిన్ చవకే కదా డాక్టర్ గారూ?

మత్తుడాక్టర్_రాజమండ్రి:
చవకే శ్రీనూ, మా ట్రాలీలో ఎప్పుడూ ఉంటుంది. మాత్రలకి లొంగని మామూలు డిప్రెషన్‌కి కెటమిన్ అడిగి చూడటం న్యాయమే, సీతాఫలం గారి మాట చదివాక మరీ. కానీ ఆ ట్రయల్‌లోకి భ్రమలున్నవాళ్లని తీసుకోనే లేదు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్లు. అన్నం మానేసి సెలైన్ మీదున్న మనిషికి ఆ అంకె అతకదు.

సీతాఫలం_చెట్టు:
కుర్రాడూ, నాకు ఎవరూ చెప్పనివి నీకు చెప్తాను నాన్నా. ఎలక్ట్రోడ్లు రెండు కణతలకీ పెడతారా, కుడి వైపే పెడతారా అని అడుగు. 2007 లో సాకైమ్ వాళ్లే చూశారు, ఆరు నెలల తర్వాత కూడా జ్ఞాపకాలు ఎక్కువగా పోయి ఉన్నది రెండు వైపులా పెట్టినవాళ్లకి. కుడి వైపు చాలకపోతే అప్పుడు మార్చొచ్చు. మొదలయ్యే ముందు అమ్మ గురించి ఓ నోటు పుస్తకం పెట్టు, ఈ రెండు మూడేళ్లలో జరిగినవన్నీ, ఎవరి పెళ్లికి వెళ్లింది, ఏం కొనుక్కుంది, ఎవరు పోయారు. ముఖ్యంగా ఎవరు పోయారో. పోయినవాళ్ల గురించి అడిగితే ఎదుటివాళ్లు తెల్లబోవడం నేను పడ్డాను.

లెక్కల_మాస్టారు:
నా పట్టు వదల్లేదు, ఇంకా పెద్ద ట్రయల్స్ కావాలి, ఈసీటీ చేసే ప్రతిచోటా ఆరు నెలల తర్వాత పిలిచి ఏం గుర్తుంది ఏం లేదు అని రాసి పెట్టాలి. అయితే 1992 లెక్క నేను చదవలేదు, నిన్న రాత్రి కూర్చుని చదివాను. కుర్రాడి అమ్మగారి విషయంలో డాక్టర్ గారిదే సరైన మాట.

కృష్ణలంక_కుర్రాడు:
అందరూ రాసినవి ప్రింట్ తీసి మావయ్యకి ఇచ్చాను, మానేరు అన్న రాసింది రెండుసార్లు చదివి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆయనే డాక్టర్ గారిని అడిగాడు, మత్తు డాక్టర్ ఎవరు, కుడి వైపే పెడతారా, అయ్యాక ఏ మాత్రలు అని. కుడి వైపుతో మొదలుపెడతామన్నారు, తర్వాత లిథియం ఆలోచిద్దాం, కిడ్నీ పరీక్షలు చూసి అన్నారు. అమ్మ సంతకం పెట్టే స్థితిలో లేదు, నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌గా, అంటే అమ్మ తరఫు మనిషిగా, నేనే పెట్టాలి, పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికింది.

రేపు పొద్దున ఆరున్నరకి మొదటిది. నోటు పుస్తకం చెల్లి మొదలుపెట్టింది, అమ్మమ్మ పోయిన తారీకు మొదటి పేజీలో రాసింది.

మానేరు_ఒడ్డు:
తమ్మీ, అమ్మ లేశినంక ఏం మాట్లాడిందో ఈడ రాయి. ఎదురుచూస్త.