బిల్లుల్లో తేడాలు పట్టడం నా బలం, కానీ మార్కెటింగ్‌లో వేశారు. సార్‌ని ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర జీఎస్టీ పని చూస్తుంటాను. బిల్లుల్లో తేడా ఉంటే నాకు ఇట్టే దొరుకుతుంది. ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బి (అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే లిస్టు) రాగానే షాపువాళ్ల కొనుగోళ్ల రిజిస్టర్‌ని పక్కన పెట్టుకుని కూర్చుంటే ఇక ఆకలి కూడా గుర్తుండదు. ఇన్‌వాయిస్ నంబర్లో సున్నాకి బదులు 'ఓ' అక్షరం పడినా, సరుకు అమ్మినవాళ్లు అసలు బిల్లే ఎక్కించకపోయినా కంటికి తగులుతుంది. నెలవారీ రిటర్న్ వేసేవాళ్లకి 20లోపు జీఎస్టీఆర్-3బి (ఆ నెల పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్) వెళ్లాలి కదా, అప్పటికి ఇవి తేలకపోతే ఆ నెల ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుని కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) ఆగి, వ్యాపారి చేతి డబ్బు కట్టాల్సి వస్తుంది.

ఈమధ్య సార్ నన్ను కొత్త క్లయింట్లను తెచ్చే పనిలో వేశారు. ఆయన మంచి మనిషి, నేను ఎదగాలనే చేశారు. కానీ ముక్కూమొహం తెలియనివాళ్లతో ఫీజు మాట్లాడాలంటే నోరు పెగలదు, ముందురోజు నుంచే టెన్షన్. తెలిసిన క్లయింటుకి నోటీసు వస్తే మాత్రం గంటసేపైనా ఓపిగ్గా వివరించగలను.

"ఈ పని నావల్ల కాదు" అన్నట్టు కాకుండా, "బిల్లులు సరిచూసే పనిలో ఆఫీసుకి ఎక్కువ ఉపయోగపడతాను" అని ఎలా చెప్పాలండీ? నేను పట్టిన తేడాల వల్ల ఎంత క్రెడిట్ నిలబడిందో షీట్ వేసి చూపిస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందా? మన బలాలేంటో చెప్పే గాలప్ కంపెనీ వాళ్ల 34 బలాల పరీక్ష డబ్బు కట్టి రాయడం వల్ల నిజంగా లాభం ఉందా? చిన్న ఆఫీసుల్లో ఇలా అడిగి పని మార్పించుకున్నవాళ్లు ఉంటే, మొదటి మాట ఎలా ఎత్తారో దయచేసి చెప్పండి.