ఈ వారపు సమస్య: “కలసి పనిచేయు మనువాడె కలహశీలి”

సంచాలకుడు:
నిన్న మా మనవడు ఫోనులో ఎవరినో ‘గుంగ్‌హో’ అని మెచ్చుకుంటున్నాడు. ఒళ్లు మరచి పనిలోకి దూకేవాడని అర్థమట. ఆ మాట పుట్టుక వెదుకుతుంటే ఈ పాదం తట్టింది. దీన్ని చివరి పాదంగా నిలిపి పద్యం పూరించండి. జూదాలు, ఆలులు ఈసారి వద్దు. పోయిన నెలతో కడుపు నిండింది.

పెన్నాతీరం:
చీన సంఘపు మాటను చెవినిఁ బెట్టి
దళముఁ గూర్చుండఁ బెట్టి యా దళపతియును
పలికె “గుంగ్‌హో” యటంచును పట్టుదలగ
కలసి పనిచేయు మనువాడె కలహశీలి.

దళపతి అంటే ఎవాన్స్ కార్ల్‌సన్. 1942లో అమెరికా మెరైన్ రైడర్ల రెండో బెటాలియన్‌కు ఈ మాటను నినాదం చేశాడు. హోదాలు పక్కన పెట్టి సిపాయిలతో చర్చలు జరిపేవాడు. ఆ ఏడాది ఆగస్టులో పసిఫిక్ సముద్రంలోని మాకిన్ దీవి మీద దాడికి దిగినదీ ఆయనే. కలహశీలి కాక మరేమిటి?

గణవిభజన:
పూరణ నిలిచింది. ‘దళపతియును’లో ఆ ‘యును’ మాత్రం గణాలు నింపడానికి కూలికి వచ్చినట్టుంది. దళపతి కాక ఇంకెవరు పలికారు గనక? మరొకటి. చైనాలో ఇది హితబోధ కాదు, 1938లో మొదలైన పారిశ్రామిక సహకార సంఘాల పేరుకు పొట్టిరూపం. ఒక అక్షరానికి పని, ఇంకొకదానికి కలయిక అని అర్థం. ‘కలసి పనిచేయుము’ అన్నది కార్ల్‌సన్ చెప్పుకున్న తాత్పర్యం. ‘సంఘపు మాట’ అన్నారు కాబట్టి బతికిపోయారు.

పెన్నాతీరం:
‘దళపతి తగ’ అంటే?

గణవిభజన:
‘తగ’కు కూలి ఇంకా ఎక్కువ.

చాటుమాటు:
యుద్ధాలకు మాకిన్ దాకా ఎందుకండీ?

ఉవిద కొలువున గుంగ్‌హోకు నునికిపట్టు;
ఇంట మాటకు మాటయే యీటె పోటు;
తోడివారిని నవ్వించి తోడు నిలిచి
కలసి పనిచేయు, మనువాడె కలహశీలి.

గణవిభజన:
‘అనువాడె’ను ‘మనువాడె’ చేసిన విరుపు బాగుంది. కానీ ‘మనువాడెన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. ఆ పైన ‘క’ ‘గ’గా మారి (అదే సరళాదేశం) ‘గలహశీలి’ రావాలి. పెళ్లి జరిగింది గాని సరళాదేశానికి శుభలేఖ అందలేదు.

చాటుమాటు:
సంచాలకులు ‘అనువాఁడె’లో ఉండాల్సిన అరసున్న పెట్టకుండా తలుపు తీసి ఉంచారు, దూరాను. అయినా ఈ మాట మీరా అనడం! పోయిన నెల “ఆలి నొడ్డిన ధర్మజుం డందె యశము” ఇస్తే, ‘ఆలిన్’ అంటే పేకాటలో ఉన్నదంతా ఒడ్డే ‘ఆల్ ఇన్’ అని పూరించింది ఎవరు? ఇంగ్లీషుకు తెలుగు సంధి చేసిన చేత్తోనే నా పెళ్లికి ద్రుతం అడ్డు వేస్తారా?

గణవిభజన:
పొల్లుకు అచ్చు పరమైతే కలవక ఏం చేస్తుంది? పైగా ధర్మరాజు రాజ్యాన్నీ తమ్ముళ్లనూ తననూ ఒడ్డిన తరువాతనే ద్రౌపదిని ఒడ్డాడు. ఆలిన్ ఒడ్డడమే అసలైన ఆల్ ఇన్! ఆ పూరణకు మీరొక్కరే చప్పట్లు కొట్టలేదని గుర్తుంది.

సంచాలకుడు:
ఆలి వద్దన్నాను కదా! ఈ వారపు మెప్పు చాటుమాటు గారి ‘ఉనికిపట్టు’కు. సరళం సంగతి వారే చూసుకుంటారు.

పెన్నాతీరం:
ఆలి ఎలాగూ తప్పదండి. కార్ల్‌సన్‌కు ఆ మాట అందించిన న్యూజిలాండ్ స్నేహితుడి ఇంటిపేరు ఆలీ.