హోయ్ ఆన్‌లో చేసిన పట్టు లాంతరు ఊడిపోతోంది, ఏ జిగురు వాడాలి?

గత నెల వియత్నాంలోని హోయ్ ఆన్‌లో రెండు గంటల వర్క్‌షాప్‌లో పట్టు లాంతరు చేశాను. వెదురు చట్రం ముందే సిద్ధంగా ఉంటుంది. బద్దలకు బ్రష్‌తో జిగురు రాసి, ఒక్కో గడికి గుడ్డను బిగుతుగా లాగి అతికించి, అంచులు కత్తిరించడం మన పని. గొడుగులా ముడుచుకుంటుంది కాబట్టి సూట్‌కేసులో పెట్టి విజయవాడ తెచ్చాను.

ఐదు రోజుల తర్వాత తెరిస్తే 8 బద్దల్లో రెండింటి మీద, పై అంచు నుంచి దాదాపు 6 సెంటీమీటర్ల దాకా గుడ్డ లేచిపోయి ఉంది. ఒకదానికి చెక్కకు వాడే తెల్ల జిగురు పలచగా రాసి, బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకి అతుక్కుంది, కానీ ఎర్ర పట్టు మీద గోరంత వెడల్పున ముదురు మరక పడింది. రెండోసారి ముడిచి తెరవగానే మళ్లీ ఊడింది. ఇంకోదానికి గ్లూ గన్ వాడితే జిగురు గడ్డకట్టి, ఇప్పుడు చట్రం పూర్తిగా ముడుచుకోవడం లేదు. లోపల పెట్టింది 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బే, వేడి కూడా లేదు.

అమ్మ కోసం చేసింది, పారేయడానికి మనసు రావడం లేదు. పట్టు మీద మరక పడకుండా, ముడిచి తెరిచినా ఊడకుండా వెదురుకు పట్టి ఉండే జిగురు ఏది?