విమానవాహక నౌకల మీంచి ఎగిరిన పాత జెట్ యుద్ధ విమానం సీ హాక్ మీద మంచి పుస్తకాలు ఏవో చెప్తారా?

గోవా నేవల్ ఏవియేషన్ మ్యూజియంలో సీ హాక్‌ని దగ్గర నుంచి చూశాక నాకు దాని ధ్యాసే. తోక చివర జెట్ గొట్టం ఉండదు. నీన్ ఇంజన్ వేడిగాలి రెండు పాయలుగా చీలి, రెక్కల మొదళ్ల వెనక నుంచి బయటికొస్తుంది. దాంతో వెనక భాగంలో ఇంధన ట్యాంకుకు చోటు మిగిలింది. ఎంత అందమైన ఆలోచనో!

1947లో దాన్ని తయారుచేసిన బ్రిటిష్ కంపెనీ హాకర్ వాళ్ల తొలి నమూనా ఎగిరినప్పటి నుంచి 1956 సూయజ్ యుద్ధం దాకా వివరంగా చెప్పే పుస్తకాలు కావాలండి. అంతకన్నా ముఖ్యంగా, 1971 డిసెంబరులో విమానవాహక నౌక విక్రాంత్ మీంచి లేచి, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసిన మన నేవీ సీ హాక్ దళం వైట్ టైగర్స్ పైలట్లు స్వయంగా రాసుకున్నవి ఏమైనా ఉన్నాయా? ఉత్త ఫొటోల పుస్తకాలు వద్దు. డెక్ మీద దిగడం ఎంత కష్టమో పైలట్ మాటల్లో చదవాలని ఉంది. పాత ప్రతులైనా పర్లేదు.